ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు ముందుగానే సిద్ధం చేసుకోవలసిన ఆధారాలు

ఏజెన్సీ ద్వారా ఆసుపత్రుల్లోనో కార్యాలయాల్లోనో చేరినవారికి పని చెప్పేది ఒకరు, జీతం వేసేది మరొకరు. జీతం ఆగినప్పుడు కార్యాలయం ఏజెన్సీని అడగమంటుంది, ఏజెన్సీ తనకింకా బిల్లు రాలేదంటుంది. బిల్లు రాకపోవడం జీతం ఆపడానికి కారణం కాజాలదు. ఏజెన్సీ చెల్లించకపోతే పని చేయించుకున్న సంస్థే జీతం ఇవ్వాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) కూడా దానిని కొనసాగించాయి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి.

అయితే, హక్కు అడగాలంటే మీరు అక్కడ పనిచేశారని చూపగలగాలి. నియామక పత్రం, గుర్తింపు కార్డు, జీతం చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు, డ్యూటీ చార్టు, పై అధికారి వాట్సాప్‌లో పంపిన ఆదేశాలు, హాజరు పట్టీ ఫొటో వంటివన్నీ ఉద్యోగంలో ఉండగానే దాచుకోండి. తొలగించిన మరునాడు కార్యాలయం గేటు దాటి లోపలికి వెళ్లనివ్వకపోవచ్చు.

పీఎఫ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పీఎఫ్ లెక్కించే వేతనం 15,000 రూపాయలైతే ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 రూపాయలు. యజమాని వాటాను కూడా జీతంలోంచే కోసి, చీటీలో 3,600 రూపాయలు చూపించే ఏజెన్సీలున్నాయి. యజమాని వాటాను ఉద్యోగి వేతనం నుంచి మినహాయించడానికి వీల్లేదు, మీరు ఏ కాగితంపై సంతకం చేసినా సరే. చీటీలో కోసిన మొత్తాన్ని పీఎఫ్ పాస్‌బుక్‌లో అదే నెల జమతో పోల్చి చూడండి. జమ కనిపించకపోతే ఆ రెండు పేజీలూ జతచేసి పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. జీతం 21,000 రూపాయల లోపు ఉండి, సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) పరిధిలోకి వస్తే, ఆ కార్డు కూడా అడిగి తీసుకోవాలి.

టెండరు ముగిసి ఏజెన్సీ మారే సమయం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. కొత్త ఏజెన్సీకి పాత యూఏఎన్ నంబరే (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యుని సంఖ్య) ఇవ్వండి, ఎందుకంటే మీ సర్వీసు వరుసగా సాగిందని చూపే బలమైన ఆధారాల్లో అదొకటి. రాజీనామా లేఖపైగానీ, ఖాళీ కాగితంపైగానీ సంతకం చేయమంటే చేయవద్దు.

ఎక్కువ ఏళ్లు పనిచేసినంత మాత్రాన ఉద్యోగం పర్మినెంటు కాదని సుప్రీంకోర్టు తీర్పులు స్పష్టం చేశాయి కాబట్టి, క్రమబద్ధీకరణ చేయిస్తామని డబ్బు అడిగేవారి మాట నమ్మవద్దు. కాని ఏజెన్సీ కేవలం పేరుకే ఉండి, ఎంపిక, సెలవులు, క్రమశిక్షణ చర్యలు అన్నీ సంస్థ చేతిలోనే ఉన్నాయని రుజువైతే కార్మికులను ఆ సంస్థ ఉద్యోగులుగానే గుర్తించవచ్చని 2001లో అదే కోర్టు చెప్పింది. పైన చెప్పిన డ్యూటీ చార్టులకూ సందేశాలకూ అంత విలువ అందుకే.

తొలగిస్తే రెండు పని దినాల్లోగా బకాయి జీతం చెల్లించాలి. ఏడాదిపాటు నిరంతరాయంగా పనిచేసిన కార్మికుడిని సిబ్బంది తగ్గింపు పేరుతో తీసేస్తే నెల ముందు నోటీసు, లేదా బదులుగా నెల జీతం, దానితోపాటు పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం రావాలి. ఏజెన్సీకీ సంస్థకూ ఒకే లేఖ స్పీడ్ పోస్టులో పంపి, రసీదులు జతచేసి సహాయ కార్మిక కమిషనర్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. రైల్వే, బ్యాంకుల వంటి వాటిలో పనిచేసేవారు కేంద్ర కార్మిక కమిషనర్ పరిధిలోకి వస్తారు. కొత్త స్మృతి ప్రకారం వివాదం తలెత్తిన రెండేళ్ల తర్వాత రాజీ అధికారి దానిని విచారణకు స్వీకరించరు కాబట్టి, కొత్త టెండరులో తీసుకుంటామన్న హామీ కోసం ఎదురుచూస్తూ దరఖాస్తును వాయిదా వేయకండి.