కీలు మార్పిడి గాయం నుంచి స్రావం ఆగకపోతే, కట్టు విప్పే ముందు జాగ్రత్తలు

మోకాలి లేదా తుంటి కీలు మార్పిడి జరిగి 72 గంటలు దాటినా గాయం నుంచి స్రావం ఆగలేదంటే, కట్టు ముట్టుకోకముందే ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలియజేయాలి. కట్టుపై తడి అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, పక్కనే సమయం రాసి ఉంచితే, మరక ఎంత పెరిగిందో తర్వాత చూసేవారికి ఇట్టే తెలుస్తుంది. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి; స్టెరైల్ గాజుగుడ్డ సిద్ధంగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు దయచేసి వేసుకోవద్దు. అవి లోపలి ఇన్ఫెక్షన్‌ను కప్పిపుచ్చి, కీలు నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించినా క్రిమి జాడ దొరకకుండా చేయవచ్చు. రక్తాన్ని పలుచబరిచే మందు స్రావాన్ని పెంచగలిగినా, దాన్ని ఆపితే రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం ఉంది కాబట్టి ఆ నిర్ణయం డాక్టరుదే. చీము, జ్వరం, పెరిగే ఎరుపు కనిపిస్తే కట్టు మార్చే పని పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.