దసరా సెలవుల్లో డీజిల్ ఇంజను మోడల్‌కి బ్లేడు పెట్టే ముందు

బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే ఆలోచన. రెడీమేడ్‌గా దొరికే, అమెరికన్ కంపెనీ ఆల్కో డీజిల్ ఇంజను బుల్లి మోడల్ (చిన్న పట్టాల మీద నడిచేది) ఒకటి కొని, దసరా సెలవుల్లో కూర్చుని దాన్ని మన రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2గా మార్చాలి. ఆలోచన మంచిదే. డబ్ల్యూడీఎం-2 పుట్టిందే ఆల్కో డిజైన్‌లో. 1962లో మొదటి ఇంజన్లు అమెరికా నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. 2600 హార్స్‌పవర్, 16 సిలిండర్లు. ఇంజను కింద మూడేసి ఇరుసులుండే ఆ ట్రైమౌంట్ బోగీల్లో (చక్రాల చట్రాల్లో) ఇరుసుల మధ్య దూరం సమానంగా ఉండదు. ఆ బోగీలున్న మోడల్ దొరికితే కష్టమైన పని ముందే అయిపోయినట్టు.

కానీ మోడల్ చేతికి రాగానే బ్లేడు తీయకండి. ముందు ఒక కాగితం మీద రెండు విషయాలు రాయండి: ఏ నంబరు ఇంజను, ఏ సంవత్సరంలో ఎలా ఉన్నది. ఈ రెండూ తేలకుండా ఏమీ కోయొద్దని నేను గట్టిగా చెప్తాను. ఎందుకంటే నేను అలాగే కోశాను.

మా నాన్న గుత్తి డీజిల్ షెడ్‌లో పనిచేశారు. ఆయన చేతుల మీద నడిచిన ఇంజన్లలో ఒకటి చేయాలని నా కోరిక. నా దగ్గర ఒక మంచి ఫోటో ఉంది. దాన్ని చూసి ముందువైపు పెద్ద హెడ్‌లైట్ గూడు చెక్కేసి, జంట బల్బుల హెడ్‌లైట్ పెట్టాను. ఇంజను చివర అడ్డంగా ఉండే బఫర్ బీమ్ కింద సన్నని ఎయిర్ బ్రేక్ పైపులు అమర్చాను. డ్రైవరు ఉండే క్యాబ్ మీద వేయడానికి ఎంచుకున్న నంబరూ, రైల్వే అక్షరాలూ మాత్రం నాన్న చెప్పిన పాత రోజులవి. ఆయన మోడల్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి రెండు వైపులా తిప్పి చూశారు. "లావు వ్యాక్యూమ్ పైపు ఏదిరా? మా కాలంలో ఇది వ్యాక్యూమ్ బండే కదా" అన్నారు. నా ఫోటో ఆ ఇంజనుకి ఎయిర్ బ్రేకులు వచ్చాక తీసింది. పైపు మార్చడం పెద్ద పని కాదు. చెక్కేసిన హెడ్‌లైట్ గూడు మాత్రం తిరిగి రాలేదు. ఆ బాడీని పక్కన పెట్టి ఇంకొకటి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఒకే ఇంజను తన జీవితంలో చాలాసార్లు మారుతుంది. వ్యాక్యూమ్ బ్రేకు ఉన్నది తర్వాత రెండు రకాల బ్రేకులతో డబ్ల్యూడీఎం-2ఏ అవుతుంది. హెడ్‌లైట్ మారుతుంది, రంగు మారుతుంది, షెడ్ మారుతుంది. ఒక్కోసారి రైల్వే జోనే మారుతుంది. 1977 అక్టోబరు 2న, గుత్తి షెడ్ ఉన్న గుంతకల్లు డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకి వెళ్లింది. అంటే గుత్తి ఇంజను చేసేటప్పుడు, ఆ తేదీకి ముందా వెనకా అన్నదాన్ని బట్టి క్యాబ్ పక్కన రాసే అక్షరాలు వేరు. చిన్న హుడ్ (క్యాబ్ ముందుండే పొట్టి ముక్కు) కిందికి ఉండి, క్యాబ్ అద్దాలు పెద్దగా ఉండే 'జంబో' రకాన్ని మామూలు డబ్ల్యూడీఎం-2 అనుకుని మొదలుపెడితే సగం బాడీ వృథా అవుతుంది.

అందుకే కనీసం నాలుగు ఫోటోలు ఉండాలి. ఎడమ, కుడి, ముందు, వెనక, అన్నీ దగ్గర దగ్గర కాలానివి. హుడ్ తలుపులు రెండు వైపులా ఒకేలా ఉంటాయనుకోవద్దు, లెక్కపెట్టండి. పైకప్పు ఫోటో దొరకడం కష్టం. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీంచి ఎవరైనా తీసినది దొరికితే దాచుకోండి. కృష్ణరాజపురం డీజిల్ షెడ్ ఇంజను చేస్తున్నవాళ్లకి ఇంటి దగ్గరే ఉంది కదా అనిపిస్తుంది. అయినా పట్టాల మీదికి, షెడ్ లోపలికి అనుమతి లేకుండా వెళ్లకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. అంతకంటే ముఖ్యం, ఫోటో చూసుకుంటూ వెనక్కి అడుగేసేవాళ్లకి వెనక లైన్లో వచ్చే బండి కనిపించదు.

కొలత సంగతి కూడా ముందే తేల్చుకోండి. అసలు ఇంజను బఫర్ నుంచి బఫర్‌కి 17,120 మి.మీ. హెచ్‌ఓ స్కేల్లో, అంటే 87తో భాగిస్తే, దాదాపు 197 మి.మీ. మీ మోడల్ మీద స్కేలు పెట్టి తేడా ఎంతో, అది ఎక్కడ ఉందో చూడండి. మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. 87వ వంతు చేస్తే 19.26 మి.మీ. రావాలి, కానీ హెచ్‌ఓ పట్టాల మధ్య ఉండేది 16.5 మి.మీ. మాత్రమే. ఎంత బాగా చేసినా చక్రాలు కాస్త లోపలికి ఉన్నట్టే కనిపిస్తాయి. మొదటి ఇంజనుకి చక్రాల జోలికి వెళ్లొద్దనే నా సలహా. పట్టాల మీద సాఫీగా నడవని మోడల్‌ని అందంగా చేసి ఏం లాభం?

ఇక విప్పడం. విప్పే ముందు పట్టాల మీద అరగంట నడిపించండి, రెండు దిశల్లోనూ. లోపం ఏదైనా ఉంటే బాడీ ముట్టకముందే వెనక్కి పంపొచ్చు. కోశాక ఎవరూ తీసుకోరు. చాలా మోడళ్లలో కప్లర్ (పెట్టెల్ని తగిలించే కొక్కెం) డబ్బా స్క్రూలే బాడీని పట్టి ఉంచుతాయి. అవి తీశాక బాడీని ఒక్కసారిగా లాగకండి. ఒక సెంటీమీటరు పైకెత్తి లోపలికి టార్చి వేయండి. హెడ్‌లైట్ నుంచి కిందనున్న సర్క్యూట్ బోర్డుకి వెంట్రుకంత సన్నని తీగలు ఉంటాయి. అవి తెగితే టంకం పెట్టడానికి చెయ్యి వణకని మనిషి కావాలి. విప్పగానే ఫోటో తీసి, ఛాసిస్‌ని జిప్ కవర్లో వేసి వేరే గదిలో పెట్టేయండి. రంపపు పొడి, ఇత్తడి రజను మోటారులోకి గానీ బోర్డు మీదికి గానీ వెళ్తే షార్ట్ అవుతుంది. ఇనుప రజనైతే మోటారు అయస్కాంతమే లోపలికి లాక్కుంటుంది.

కోసేటప్పుడు గీత మీద కోయొద్దు. అర మిల్లీమీటరు బయట కోసి, మిగిలింది ఆకురాయితో రుద్దుతూ గీత దాకా రండి. కొత్త బ్లేడే వాడండి. మొద్దు బ్లేడుకి బలం ఎక్కువ పెడతాం, అది జారితే వేలే తెగుతుంది. అమెరికన్ మోడల్‌కి పక్క బఫర్లు ఉండవు, మన ఇంజనుకి కప్లర్‌తో పాటు అవీ కావాలి. వాటికి రంధ్రాలు వేసే ముందు మీ దగ్గరున్న రైలు పెట్టె మోడల్ పక్కన పెట్టి ఎత్తు సరిచూడండి. హ్యాండ్‌రైల్‌కి 0.4 మి.మీ. ఇత్తడి తీగ సరిపోతుంది, 87 రెట్లు చేస్తే దాదాపు 35 మి.మీ. లావు. ఇంకా లావైన తీగ పెడితే బొమ్మలా కనిపిస్తుంది. ఈ తీగ, చేతి డ్రిల్లు, మల్టీమీటరు కోసం బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఒక పూట తిరగండి.

ఇప్పుడు ఒళ్లు జాగ్రత్త. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ నూలు బట్ట మీద పడితే భగ్గున వేడెక్కుతుంది, చర్మం కాలుతుంది. ఇంట్లో లుంగీ కట్టుకుని ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లకి ఇది తప్పకుండా చెప్పాలి. బల్ల మీద పెట్టి చేయండి, కారిన జిగురుని దూదితో తుడవకండి. పడితే వెంటనే చల్లటి నీళ్లు పోయండి, అంటుకున్న బట్టని పీకకండి. కిటికీ అద్దాలు ముందే తీసేయండి. ఆ జిగురు ఆవిరికే అవి తెల్లగా మసకబారతాయి. తిరిగి అతికించేటప్పుడు తెల్ల ఫెవికాల్ చాలు. రెజిన్ ముక్కలు రుద్దేటప్పుడు వాటర్ పేపర్‌ని తడిపి రుద్దండి, ఎన్-95 మాస్క్ పెట్టుకోండి. బరువు కోసం సీసం వాడితే చేతులు కడుక్కోకుండా ఏదీ తినొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు.

థిన్నర్, స్ప్రే డబ్బాల విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. నవరాత్రుల్లో ఇంట్లో దీపం వెలుగుతూ ఉంటుంది. వంటింట్లో స్టవ్ ఉంటుంది. థిన్నర్ ఆవిరి నేల వెంబడి పాకుతూ వెళ్లి పక్క గదిలో మంటని అందుకోగలదు. బాల్కనీలోనే కొట్టండి, తలుపు మూసేయండి. ఆసుపత్రి మాస్క్, ఎన్-95 ఈ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి.

నిజానికి దసరాకి పెయింట్ పెట్టుకోకపోవడమే మంచిది. బెంగళూరులో వానలు ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. గాలిలో తేమ ఉన్నప్పుడు లక్కర్ పెయింట్ కొడితే పైన తెల్లటి పొగలా పరుచుకుంటుంది. సెలవుల్లో కోత, అతుకు, పుట్టీ వరకు చేయండి. పుట్టీ ఆరేకొద్దీ కుంగుతుంది కాబట్టి ఆ విరామం మేలే చేస్తుంది. కార్తీకం వెళ్లాక, ఎండ పొడిగా కాసే రోజు చూసి ప్రైమర్ కొట్టండి. పాత రంగు తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడేవాళ్లు ముందు బాడీ లోపలివైపు ఒక చుక్క వేసి ప్లాస్టిక్ పగలడం లేదని చూసుకోండి. రెండో రంగుకి మాస్కింగ్ టేప్ వేసే ముందు మొదటి రంగుని రెండు రోజులు ఆరనివ్వండి.

నంబర్ల డికాల్స్ (నీళ్లలో తడిపి అతికించే స్టిక్కర్లు) ఇంట్లో ఇంక్‌జెట్ మీద ప్రింట్ చేస్తే, నీళ్లలో ముంచే ముందు క్లియర్ లక్కర్ పూత వేయాలి, లేకపోతే సిరా కరిగిపోతుంది. మామూలు ప్రింటరు తెల్ల రంగు వేయదు, కాబట్టి తెల్ల అక్షరాలు బయట చేయించుకోవాల్సిందే. డికాల్ అతికించే చోట ముందు నిగనిగలాడే గ్లాసీ పూత ఉండాలి. మ్యాట్ మీద అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది.

అన్నీ అయ్యాక బాడీని ఛాసిస్ మీద ఊరికే కూర్చోబెట్టి, స్క్రూలు బిగించకుండా మీ పట్టాల లేఅవుట్‌లో అన్నిటికంటే ఇరుకైన మలుపులో మెల్లగా నడిపించండి. కొత్తగా పెట్టిన మెట్లు, క్యాటిల్ గార్డ్, బ్రేకు పైపులు బోగీకి తగులుతున్నాయేమో ఇక్కడే తెలుస్తుంది. తగిలిన చోట సన్నగా ఆకురాయి పెట్టి, ఆ గీతకి మళ్లీ రంగు అద్ది, అప్పుడు స్క్రూలు బిగించండి.