టెక్సస్‌లో స్కూల్ బోర్డుకి నిలబడాలంటే ముందు తెలుసుకోవాల్సినవి

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, ప్రాస్పర్ లాంటి ఊళ్ళలో ఇల్లు కొనేటప్పుడు మన తెలుగువాళ్ళు మొట్టమొదట అడిగేది స్కూళ్ళు ఎలా ఉన్నాయనే. వంటగది ఎటు ఉందో, వాస్తు కుదిరిందో లేదో తర్వాత. అంత ఆలోచించి కొన్నవాళ్ళలో చాలామందికి ఆ స్కూళ్ళ బడ్జెట్ మీద, పన్ను మీద ఓటేసే ఏడుగురి పేర్లు తెలియవు. నాకూ చాలా ఏళ్ళు తెలియవు. ఒక స్నేహితురాలు బోర్డుకి నిలబడితే మూడు నెలలు ఆవిడ వెంట తిరిగాను, అప్పుడే ఇవన్నీ నేర్చుకున్నాను. ఇక్కడ చెప్పేవి టెక్సస్ సంగతులు, న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్ళకి నియమాలు వేరుగా ఉంటాయి.

ముందు ఆ సీటు పని ఏమిటో తెలుసుకోండి

టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళన్నిటినీ నడిపే సంస్థ) బోర్డు సభ్యుల్ని ట్రస్టీలంటారు. చాలా డిస్ట్రిక్టుల్లో ఏడుగురు ఉంటారు, డాలస్, హ్యూస్టన్ లాంటి పెద్దవాటిలో తొమ్మిదిమంది. పదవీకాలం మూడేళ్ళో నాలుగేళ్ళో ఉంటుంది, జీతం ఒక్క డాలర్ కూడా ఉండదు. పార్టీ గుర్తు లేకుండా జరిగే ఎన్నిక ఇది, పార్టీల ప్రభావం మాత్రం కొన్ని చోట్ల బాగానే కనిపిస్తుంది.

బోర్డు చేసే పెద్ద పనులు ఐదారే: డిస్ట్రిక్టుని రోజూ నడిపే పెద్ద అధికారి సూపరింటెండెంట్‌ని నియమించడం, ఆ మనిషి పని బాగుందో లేదో చూడటం, బడ్జెట్ ఆమోదించడం, ప్రాపర్టీ ట్యాక్స్ రేటు నిర్ణయించడం, పాలసీలు రాయడం, అవసరమైతే బాండ్ ఎన్నిక, అంటే భవనాల లాంటి వాటికి అప్పు తేవడానికి ఓటర్ల అనుమతి అడిగే ఎన్నిక, పెట్టడం. టీచర్ని మార్చడం, ప్రిన్సిపాల్‌కి ఫలానా పని చేయమని చెప్పడం మీ చేతిలో ఉండవు. ఒక ట్రస్టీకి ఒంటరిగా ఏ అధికారమూ లేదు, మీటింగ్‌లో బోర్డు అంతా కలిసి ఓటేస్తేనే అది నిర్ణయం. అంటే గెలిచిన మర్నాడు మీ చేతిలో ఉండేది ఏడింట ఒక ఓటు. ఇంకో ముగ్గురిని ఒప్పించగలిగితేనే మీరనుకున్నది జరుగుతుంది.

ఇది ముందే మనసులో పెట్టుకోండి, ఎందుకంటే గెలిచాక మనవాళ్ళ ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా వాడికి గిఫ్టెడ్ ప్రోగ్రాంలో సీటు రాలేదు, మీరొక మాట చెప్పండి" అంటారు. చెప్పకూడదు. ఆ తల్లిదండ్రుల ఫిర్యాదు కింది మెట్లన్నీ దాటి చివరికి బోర్డు ముందుకే విచారణకి రావచ్చు, అప్పటికే మీరు ఒక పక్క మాట్లాడి ఉంటే నిష్పక్షపాతంగా వినలేరు. వాళ్ళని ఓపిగ్గా ముందు టీచర్ దగ్గరికి, తర్వాత ప్రిన్సిపాల్ దగ్గరికి పంపించడమే మీరు చేయగలిగిన సాయం.

దీపావళి సెలవు సంగతి కూడా. చాలామంది మనవాళ్ళకి బోర్డు మీద మొదటి ఆసక్తి పుట్టేది దానితోనే. క్యాలెండర్‌కి ఆమోదం బోర్డే ఇస్తుంది కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే, కానీ అదొక్కటే పట్టుకుని నిలబడితే మిగతా ఓటర్లకి మీరు చెప్పేది ఏమీ ఉండదు. ఇంకా ముఖ్యం, మూడేళ్ళలో మీ ముందుకి వచ్చే కష్టమైన ఓట్లు వేరే ఉంటాయి. 2024లో ప్లేనో బోర్డు పిల్లలు తగ్గుతున్నారని నాలుగు స్కూళ్ళు మూసేయాలని ఓటేసింది. మీ వీధి పిల్లలు నడిచి వెళ్ళే స్కూలుని మూసే ఓటు ఎలా వేస్తారో, ఆ రాత్రి ఎదురుగా కూర్చున్న తల్లులకి ఏం చెబుతారో, నిలబడే ముందే కాసేపు ఆలోచించండి.

అర్హత ఉందో లేదో

అమెరికా సిటిజన్ అయి ఉండాలి. ఇక్కడే పుట్టి ఉండాలన్న నియమం లేదు, నాచురలైజ్ అయినవాళ్ళు హాయిగా పోటీ చేయవచ్చు, ఓసిఐ కార్డు ఉన్నా అడ్డం కాదు. గ్రీన్ కార్డ్ మీద ఉంటే మాత్రం కుదరదు. పద్ధెనిమిదేళ్ళు నిండాలి. నామినేషన్ వేయడానికి చివరి తేదీ నాటికి టెక్సస్‌లో వరుసగా 12 నెలలు, ఆ డిస్ట్రిక్ట్ పరిధిలో 6 నెలలు నివసించి ఉండాలి, ఆ పరిధిలోనే ఓటరుగా నమోదై ఉండాలి. కొత్త ఇంటికి మారినవాళ్ళు ఈ ఆర్నెల్ల లెక్క క్యాలెండర్ ముందు పెట్టుకుని చూసుకోండి, రోడ్డుకి అటువైపు వేరే డిస్ట్రిక్ట్ ఉండటం ఇక్కడ మామూలే, ఊరి పేరు ఒకటే అయినా.

అదే డిస్ట్రిక్టులో ఉద్యోగం చేస్తూ ట్రస్టీగా ఉండకూడదు. మన ఆడవాళ్ళు చాలామంది సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా, క్లాస్‌రూమ్ ఎయిడ్‌లుగా పని చేస్తున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి, ఆ పనో ఈ సీటో ఒకటే ఎంచుకోవాలి. వలంటీర్‌గా వెళ్ళడానికి ఇబ్బంది లేదు.

డబ్బు విషయంలో మనవాళ్ళు పొరపాటు చేసేది ఇక్కడే

ఒక్క డాలర్ తీసుకునే ముందు, ఒక్క డాలర్ ఖర్చు పెట్టే ముందు, అది మీ సొంత డబ్బైనా సరే, క్యాంపెయిన్ ట్రెజరర్‌ని నియమిస్తూ ఒక ఫారం ఇవ్వాలి. స్కూల్ బోర్డుకైతే దాన్ని డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే ఇస్తారు. చాలామంది ముందు వెబ్‌సైట్ కొని, ఫ్లయర్లు ప్రింట్ చేయించి, తర్వాత ఫారం గురించి తెలుసుకుంటారు. ఆ వరస తప్పు.

ఇప్పుడు అసలు విషయం. మన స్నేహితుల్లో సగంమంది హెచ్-1బి మీదో, హెచ్-4 మీదో, ఎఫ్-1 మీదో ఉంటారు. వాళ్ళు ఏ ఎన్నికకీ, స్కూల్ బోర్డుతో సహా, విరాళం ఇవ్వకూడదు, మీరు తీసుకోకూడదు. ఇది టెక్సస్ నియమం కాదు, ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు ఇవ్వవచ్చు, సిటిజన్లు ఇవ్వవచ్చు. వీసా మీద ఉన్న అన్నయ్య "పర్లేదు, మా ఫ్రెండ్ పేరు మీద ఇస్తాను" అంటే అది ఇంకా పెద్ద తప్పు, ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం కూడా నేరమే. ఇండియాలో ఉన్న మీ మామయ్య ప్రేమతో పంపిస్తానన్నా వద్దనాలి. ఇలా కాదనడం మన పద్ధతిలో చాలా కష్టం, నాకు తెలుసు, ఇంటికొచ్చి కవరు చేతిలో పెడితే మొహం మీద వద్దనలేం. కానీ వాళ్ళ గ్రీన్ కార్డ్ ఫైల్ మీదికి రాగల విషయం ఇది, అందుకే వాళ్ళ మంచి కోసమే వద్దని చెప్పండి. వీసా మీద ఉన్నవాళ్ళు జీతం లేకుండా వలంటీర్‌గా పని చేయవచ్చు, సైన్లు (ఇళ్ళ ముందు పెట్టే ప్రచార బోర్డులు) పాతవచ్చు, ఫ్లయర్లు పంచవచ్చు, క్యాంపెయిన్ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించే చోట మాత్రం కూర్చోకూడదు. ఆన్‌లైన్ విరాళాల పేజీలో "నేను సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ హోల్డర్‌ని" అని టిక్ పెట్టే గడి తప్పకుండా ఉంచండి.

రెండోది, కంపెనీ చెక్కులు. కన్సల్టెన్సీలు, రెస్టారెంట్లు నడిపేవాళ్ళు బిజినెస్ అకౌంట్ మీద చెక్కు రాసిచ్చేస్తారు, వాళ్ళకది అలవాటు. టెక్సస్‌లో కార్పొరేషన్ డబ్బు అభ్యర్థి తీసుకోవడం నేరం, చిన్నది కూడా కాదు. సొంత అకౌంట్ చెక్కు అడగండి. నగదు అసలు తీసుకోకపోవడమే మేలు. ఎన్నికకి 30 రోజుల ముందు, 8 రోజుల ముందు లెక్కల రిపోర్టులు ఇవ్వాలి, చాలా తక్కువ ఖర్చుతో నడిపేవాళ్ళకి వాటి నుంచి మినహాయింపు ఉంది, దానికి ముందే ఫారంలో సంతకం పెట్టాలి.

తెలుగు సంఘాలు, గుడులు చాలావరకు 501సి3 కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సంస్థలుగా నమోదైనవి, అలాంటివి ఏ అభ్యర్థి పక్షమూ తీసుకోకూడదు. సంఘం మైకులో మీకు ఓటేయమని చెప్పించుకోవద్దు, సంఘం మెయిల్ లిస్ట్ వాడుకోవద్దు, ఎంత దగ్గరివాళ్ళైనా. పండగ రోజు గేటు దగ్గర ఓటరు నమోదు టేబుల్ పెట్టుకోవచ్చు, అది అందరికీ సంబంధించింది. అయితే ఇంకొక మెలిక: టెక్సస్‌లో వేరేవాళ్ళ ఓటరు ఫారాలు చేతికి తీసుకోవాలంటే కౌంటీ నుంచి వలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్‌గా నియామకం ఉండాలి. దానికి చిన్న ట్రైనింగ్ ఉంటుంది, ఇద్దరు ముగ్గురు వలంటీర్లని ముందే పంపించండి.

నామినేషన్, బ్యాలట్ మీద పేరు

మే ఎన్నిక అయితే మొదటి శనివారం పోలింగ్, నామినేషన్లు జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యలో ముగుస్తాయి, సరిగ్గా చెప్పాలంటే ఎన్నికకి 78 రోజుల ముందు సాయంత్రం ఐదింటితో. నవంబర్‌లో ఎన్నిక పెట్టే డిస్ట్రిక్టులకి ఇదే లెక్క ఆగస్టు మధ్యకి వస్తుంది. అప్లికేషన్ మీద నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. చివరి రోజు దాకా ఆగకండి, ఒక చిన్న తప్పుంటే దిద్దుకునే టైం ఉండదు. మీ డిస్ట్రిక్టులో సీట్లు ఊరంతటికీ కలిపా, ఏరియాల వారీగానా, అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే సరిపోతుందా లేక సగం దాటాలా అన్నవి ఆఫీసులో అడిగితే చెబుతారు. ఒకరికి ఎదురుగా ఇంకెవరూ పోటీకి రాకపోతే ఎన్నిక రద్దు చేసి ఉన్న ఒక్కరినీ ఎన్నికైనట్టు ప్రకటించవచ్చు కూడా, అలా అయిన సీట్లు చాలా ఉన్నాయి.

మన పేర్ల సంగతి. వెంకట సత్యనారాయణ అని బ్యాలట్ మీద చూసి ఓటర్లు గుర్తుపడతారా అని టెన్షన్ పడేవాళ్ళకి చెబుతున్నా, మూడేళ్ళ నుంచి అందరూ మిమ్మల్ని పిలుస్తున్న ముద్దుపేరు ఉంటే, పది అక్షరాలు దాటని ఒక్క మాటైతే, బ్యాలట్ మీద వేయించుకోవచ్చు. నినాదంలా ఉండకూడదు. మీ పేరు మీకు ఇష్టమైతే పూర్తిగానే ఉంచుకోండి, మా స్నేహితురాలు అలాగే ఉంచుకుంది, ఎలా పలకాలో ఫ్లయర్ మీద ముక్కలు చేసి రాయించింది. గడపలో నిలబడి జనం ఆ పేరు చదివి ప్రయత్నించేవాళ్ళు, మాట అక్కడి నుంచే మొదలయ్యేది.

ఏడాది ముందు నుంచి చదవాల్సింది

బోర్డు మీటింగులకి వెళ్ళి కూర్చోండి. వీడియోలు ఉంటాయి, కానీ వెళ్ళి చూడటం వేరు. కనీసం ఒక బడ్జెట్ సీజన్ అంతా, అంటే వసంతం నుంచి ఆగస్టు దాకా చూడండి. డబ్బు ఎలా తిరుగుతుందో తెలియకుండా ఈ సీటుకి రావద్దని నా గట్టి అభిప్రాయం.

ఓటర్లు అడిగే మొదటి ప్రశ్న "ఇంత బాండ్ తీసుకున్నారు, టీచర్లకి జీతాలెందుకు పెంచరు" అని. బాండ్ డబ్బు భవనాలకి, బస్సులకి, కంప్యూటర్లకి మాత్రమే, దాంతో జీతాలివ్వడం కుదరదు. జీతాలు వేరే ఖాతా నుంచి రావాలి, ఆ ఖాతాకి రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది, 2025లో 55 డాలర్లు పెంచారు. ఈ మధ్యలో ధరలు ఎంత పెరిగాయో మీ ఇంటి ఖర్చు చూస్తే తెలుస్తుంది. ఇళ్ళ విలువలు ఎక్కువున్న డిస్ట్రిక్టులు వసూలు చేసిన పన్నులో కొంత రాష్ట్రానికి తిరిగి కట్టాలి, జనం దాన్ని రాబిన్ హుడ్ అంటారు. పన్ను రేటు ఒక హద్దు దాటి పెంచాలంటే ఓటర్లు ఒప్పుకోవాలి, 2024 నవంబర్‌లో ఫ్రిస్కో ఓటర్లు పన్ను పెంపునీ బాండ్లనీ రెంటినీ తిప్పికొట్టారు. ఇవి నోటికి వచ్చేదాకా చదవండి, తలుపు దగ్గర మీకు దొరికేది రెండు నిమిషాలే.

హ్యూస్టన్‌లో జరిగింది కూడా చదవండి. 2023 జూన్‌లో రాష్ట్రం ఆ డిస్ట్రిక్టుని చేతిలోకి తీసుకుని తను నియమించిన బోర్డుని కూర్చోబెట్టింది, ఓట్లతో గెలిచిన ట్రస్టీలు అధికారం లేకుండా మిగిలిపోయారు. ఒక స్కూల్లో ఏళ్ళ తరబడి ఫలితాలు రాకపోతే మొత్తం బోర్డు దాకా వస్తుంది.

తలుపులు తట్టడం

మే ఎన్నికల్లో చాలా చోట్ల వందలో పదిమంది కూడా ఓటేయరు. కొద్ది ఓట్ల తేడాతో సీట్లు మారిపోతాయి. ఎన్నికల ఆఫీసు నుంచి ఓటర్ల లిస్టు, ఎవరు ఏ ఎన్నికలో ఓటేశారన్న వివరంతో సహా తెచ్చుకుని, ముందటి మే ఎన్నికల్లో ఓటేసిన ఇళ్ళకి మొదట వెళ్ళండి. వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు పెద్దవాళ్ళైపోయిన పెద్ద వయసువాళ్ళు, వాళ్ళకి మీ పిల్లల స్కూలు కంటే పన్ను ముఖ్యం, దాని మీద సూటిగా మాట్లాడండి. మనవాళ్ళ ఓట్లు గెలిపిస్తాయనుకోవద్దు, కొత్తగా సిటిజన్ అయినవాళ్ళు చాలామంది నమోదే చేసుకోరు, నమోదుకి గడువు ఎన్నికకి 30 రోజుల ముందే అయిపోతుంది. ముందస్తు పోలింగ్‌లోనే ఎక్కువ ఓట్లు పడతాయి, కాబట్టి మీ బలమంతా ఏప్రిల్ నెలలో పెట్టండి.

యార్డ్ సైన్ల విషయంలో హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు అభ్యంతరం చెబితే, ఎన్నికకి 90 రోజుల ముందు నుంచి 10 రోజుల తర్వాత వరకు సొంత యార్డులో సైన్లని వాళ్ళు నిషేధించలేరని మర్యాదగా చెప్పండి. రోడ్డు పక్క ప్రభుత్వ స్థలంలో మాత్రం పెట్టకూడదు. పోలింగ్ చోట తలుపుకి 100 అడుగుల లోపల ప్రచారం నిషేధం, మీ పేరున్న టీషర్ట్ వేసుకుని వలంటీర్ ఓటేయడానికి లోపలికి వెళ్ళినా సమస్యే.

గెలిచాక, ఓడాక

గెలిస్తే వెంటనే మారాల్సిన అలవాటు ఒకటుంది: వాట్సాప్. ఏడుగురిలో నలుగురు ట్రస్టీలు, అంటే సగానికి మించి, ఒక గ్రూపులో స్కూలు వ్యవహారం చర్చించుకుంటే అది చట్టవిరుద్ధంగా జరిపిన మీటింగ్ కింద లెక్క. ఒకరి తర్వాత ఒకరికి విడిగా ఫోన్ చేసి ఓట్లు కూడగట్టడం కూడా అంతే. ఏ విషయమైనా ముందు నోటీసు ఇచ్చి, జనం ముందే మాట్లాడాలి. పదవిలోకి వచ్చిన 90 రోజుల్లో దీని మీద ట్రైనింగ్ పూర్తి చేయాలి.

ఓడిపోతే మీటింగులకి వెళ్ళడం మానకండి, డిస్ట్రిక్టులు బాండ్ కమిటీలకీ సలహా కమిటీలకీ తల్లిదండ్రుల్ని తీసుకుంటాయి, మధ్యలో ఖాళీ అయిన సీటుకి బోర్డే ఎవరినైనా నియమించాల్సి వచ్చినప్పుడు ముందు గుర్తొచ్చేది అలా కనబడుతూ ఉన్నవాళ్ళే. ఇంకో పని, ఇది గెలిచినా ఓడినా: సైన్లన్నీ పదిరోజుల్లో తీయించండి, క్యాంపెయిన్ అకౌంట్‌లో మిగిలిన డబ్బు లెక్క రాసుకోండి, ఇక పోటీ చేయననుకుంటే ఫైనల్ రిపోర్టు ఇచ్చేయండి. అది ఇవ్వనంత కాలం ఆర్నెల్లకోసారి, జనవరిలో, జూలైలో, రిపోర్టు ఇస్తూనే ఉండాలి.