మందుకు లొంగని పొదుగువాపు: సమస్య - పరిష్కారం

రాజాం, చీపురుపల్లి, పాలకొండ ప్రాంతాల్లో వానలు పట్టి పశువుల సాలలో నేల బురదైన నెలల్లో పాడి రైతుల నోట తరచుగా వినిపించే మాట, "నిరుడు ఈ మందుకే తగ్గింది, ఈ ఏడు ఎన్ని ట్యూబులు ఎక్కించినా తగ్గడం లేదు" అని. వెంటనే ఇంతకంటే ఘాటైన ఇంజెక్షన్ కోసం మందుల దుకాణానికి పరుగెత్తడం మనకు అలవాటైపోయింది. ఆ పని చేసే ముందు లోపం మందులో ఉందా, వాడిన తీరులో ఉందా, సూక్ష్మజీవిలోనే ఉందా అన్నది తేల్చుకోవాలి.

చన్నులోకి మందు ట్యూబు ఎక్కిస్తే తగ్గి, మళ్లీ వస్తోంది

లక్షణం: తొలి రెండు ధారలను నల్లగుడ్డ మీద పిండితే తెల్లని పలుకులు నిలుస్తాయి. పొదుగులో ఒక భాగం మిగిలిన మూడింటికంటే వేడిగా, గట్టిగా ఉంటుంది. మందు వేసిన రెండో రోజుకు మెత్తబడుతుంది, వారం పది రోజులకు అదే చన్ను మళ్లీ గట్టిపడుతుంది.

కారణం: పలుకులు కనిపించడం మానగానే మందు ఆపేయడం మొదటి తప్పు. మిగిలిన ట్యూబును దాచి పక్కింటి ఆవుకు ఇవ్వడం రెండోది. చాలీచాలని మోతాదు బలహీనమైన బాక్టీరియాను చంపి, తట్టుకోగలిగిన వాటికి చోటు ఖాళీ చేస్తుంది. ఈ ప్రమాదాన్ని పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నాటి నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. పొదుగువాపు కలిగించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాలో కొన్ని రకాలు పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసుకుంటాయి. పైగా అది పొదుగు కణాల లోపల, జిగట పొరల చాటున దాగి ఉంటుంది కనుక, మందు పనిచేసే రకమైనా దాని దాకా చేరకపోవచ్చు. ఈ.కోలై వంటి బాక్టీరియా మందును తట్టుకునే నిరోధక జన్యువులను ఒకదానినుంచి మరొకదానికి అందించుకుంటాయి. పేడలోంచి గత్తంలోకి, గత్తంలోంచి పొలంలోకి అవి చేరే దారి తెరిచే ఉంటుంది.

పరిష్కారం: కొత్త మందు వేయకముందే పాల నమూనా తీయాలి. చన్నును కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొనను స్పిరిటు దూదితో శుభ్రపరచి, తొలి ధారలు వదిలేసి, తరువాతి పాలను శుభ్రమైన సీసాలో పట్టి, మంచులో పెట్టి, పశువైద్యుని ద్వారా ప్రయోగశాలకు పంపాలి. ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్ష చేయమని అడగండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కనుక ఈ అడుగు మన జిల్లాలకు మరీ దూరం కాదు. నమూనా తీయడం కుదరనంత అత్యవసరమైతే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయాలి.

ఫలితం వచ్చేలోగా, జ్వరం లేని తొలిదశ వాపుకు కలబంద పూత వేయవచ్చు. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న పద్ధతి ఇది: 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బాలి. పసుపు, సున్నం కలిసిన ముద్ద పారాణిలా ఎర్రబడుతుంది. ఎర్రబడలేదంటే సున్నం పాతబడిందని అనుమానించాలి. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి తుడిచాక, గుప్పెడు ముద్దను 150 నుంచి 200 మిల్లీలీటర్ల నీటిలో పలుచన చేసి పొదుగంతా పూయాలి. రోజుకు 8 నుంచి 10 సార్లు, 5 రోజులపాటు పూయవలసి ఉంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పూసి "ఆకుమందు పనిచేయలేదు" అనేవారు నాకు చాలామంది తారసపడ్డారు. తదుపరి పాలు పిండే ముందు పూతను శుభ్రంగా కడిగేయాలి.

అయితే ఈ పూతకు హద్దులున్నాయి. కలబంద, పసుపు వాపును తగ్గిస్తాయి, ప్రయోగశాలలో బాక్టీరియా పెరుగుదలను కొంతమేర అణచగలవు. అంతమాత్రాన పొదుగు లోతున దాగిన ఇన్ఫెక్షన్‌ను తుడిచేస్తాయని చెప్పలేం. ఏ రసాన్నీ చన్ను రంధ్రంలోకి ఎక్కించకూడదు. ఆవు మేత మానినా, పొదుగు చల్లబడి నీలిరంగుకు తిరిగినా, పాలకు బదులు నీరు లేక నెత్తురు వచ్చినా ఇంటివైద్యంతో గంట కూడా జాగు చేయకూడదు.

సాలను సరిచేయనిదే వాపు తిరిగి రావడం ఆగదు. పాలు పిండిన తరువాత చన్ను రంధ్రం మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంట ఆవు పేడలో పడుకోకుండా ముందు గడ్డి వేసి నిలబెట్టడం ఖర్చులేని వైద్యం. వాపున్న ఆవును చివర పిండాలి.

వాపు లేదు, పాలు మాత్రం తగ్గాయి

పైకి కనిపించని పొదుగువాపును ఇంట్లోనే పట్టుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల నీటిలో 3 గ్రాముల బట్టల సబ్బుపొడి కరిగించి, ఒక్కొక్క చన్ను పాలను వేరువేరు గిన్నెల్లో తీసి, అంతే కొలత సబ్బునీరు కలిపి గుండ్రంగా తిప్పాలి. గంజిలా చిక్కబడి జిగురుగా సాగితే ఆ భాగంలో వాపు ఉన్నట్టే. ఈ దశలో శుభ్రత, పూత తోడైతే చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరం రాకపోవచ్చు. నా లెక్కలో మూలికలకు అసలైన చోటు ఇదే.

తోడు వేసినా పెరుగు తోడుకోవడం లేదు

మందు వాడిన ఆవు పాలలో మిగిలిన యాంటీబయాటిక్ తోడులోని మేలుచేసే బాక్టీరియానూ చంపుతుంది. పాలు కాచినంత మాత్రాన అది పూర్తిగా పోదు. పాలు వాడకుండా ఇన్ని రోజులు ఆగాలని మందు సీసా మీద రాసిన గడువు ముగిసేదాకా ఆ పాలు ఇంట్లో వాడకూడదు, పాల కేంద్రానికి పోయకూడదు. గడువు రాసి లేకపోతే నిబంధన ప్రకారం కనీసం 7 రోజులు ఆగాలి. "పారబోయడమెందుకు" అని వాటిని దూడకు తాగించడం దూడ పేగుల్లో నిరోధక బాక్టీరియాను పెంచడమే.

దూడకు పారుడు, కోళ్లకు గురక

దూడ పారుడులో చాలావాటికి వైరస్‌లూ, పరాన్నజీవులూ కారణం కనుక, ముందు ఉప్పు, పంచదార కలిపిన నీటితో ఒంట్లో నీటిని నిలపాలి. పుట్టిన 2 గంటల్లోపు జున్నుపాలు తాగించడం మంచి నివారణ. కోళ్లు గురకపెట్టే కొక్కెర తెగులు (రాణిఖేత్) వైరస్ జబ్బు; దానికి టీకాయే దారి. ఇక కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, పశువులకు ఇవ్వడాన్ని 2019లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఇతర మందులకు లొంగని ఇన్ఫెక్షన్లు సోకిన మనుషులకు చివరి ఆసరా మందుల్లో అదొకటి. దాణాలో కలిపే పొట్లాల మీద ఆ పేరు కనిపిస్తే కొనకుండా వెనక్కి ఇచ్చేయండి.