డాలస్‌లో ఇల్లు వెతుకుతున్న మన నల్లగొండ, పాలమూరు వాళ్లకు: ఆ చుక్కల మ్యాపు సంగతి

బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, డ్రైవింగ్ టెస్టు గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు, అవి వాళ్లనే అడగండి. నేను చెప్పేది లైంగిక నేరస్థుల రిజిస్ట్రీ గురించి, అంటే అలాంటి నేరాల్లో శిక్ష పడ్డవాళ్ల సర్కారు జాబితా. దాని మ్యాపులో చుక్క ఉన్నచోట అలాంటివాడి ఇల్లున్నట్టు. మొన్న మిర్యాలగూడ నుంచి భార్యాబిడ్డలతో దిగిన తమ్ముడొకడు లీజు మీద సంతకం పెట్టిన రాత్రే ఆ మ్యాపు చూశాడు. తెల్లారేసరికి ఇల్లు ఖాళీ చేస్తానని కూర్చున్నాడు.

చూసేదేదో సంతకానికి ముందే చూడండయ్యా! రిజిస్ట్రీ సైటులో జిప్ కోడ్ కొడితే చాలు, పైసా ఖర్చు లేదు. టెక్సస్‌లో ఫొటో, అడ్రసు, చేసిన నేరం, ఆఖరికి చెప్పుల సైజు కూడా కనిపిస్తుంది. మన దేశంలో 2018లో పెట్టిన జాబితాను పోలీసులే చూడగలరు కాబట్టి మనకిది కొత్త. వచ్చిన కొత్తలో నేనూ రాత్రిళ్లు అదే తిరగేసేవాణ్ణి. పక్కింటాయన గుడ్ మార్నింగ్ అంటే, ఈ మొహం ఆ ఫొటోల్లో ఉందా అని టెన్షన్.

చుక్కలు కొన్నిచోట్ల గుంపుగా ఉంటాయి. పిల్లల మీద నేరం చేసినవాళ్లను స్కూళ్లు, పార్కుల దగ్గర ఉండనివ్వని ఊళ్లు చాలా ఉన్నాయి. ఇక మిగిలేవి హైవే పక్క చవక ఇళ్లు. కొత్తలో మన జీతానికి అందేవీ అవే.

ఈ జాబితా అందరికీ కనపడాలా వద్దా అన్న కొట్లాట ఇక్కడ ఇంకా తెగలేదు. 1994లో న్యూజెర్సీలో మేగన్ అనే ఏడేళ్ల పాపను చంపినవాడు ఎదురింట్లో ఉంటున్న పాత నేరస్థుడే. ఆ సంగతి ఆమె తల్లిదండ్రులకు తెలియదు. అలాంటివాళ్ల వివరాలు జనానికి తెలియాలని 1996లో అమెరికా అంతటికీ చట్టం వచ్చింది. ఆ తల్లిదండ్రుల బాధను కాదనలేం. కానీ పిల్లల మీద చేయి వేసేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లే, ఏ జాబితాకూ ఎక్కనివాళ్లూ ఉంటారు. నా భయమంతా దాని గురించే. మ్యాపు చూసి తలుపుకు రెండో గొళ్లెం పెట్టించినవాళ్లే వీకెండ్ పార్టీలో పిల్ల ఏ గదిలో, ఎవరితో ఆడుతుందో చూడరు. అడిగితే "మన నల్లగొండోడే కదా అన్నా" అంటారు. అయితే ఏంది?

ఇంకోటి. ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. ఆ సమాచారంతో ఎవరినైనా వేధిస్తే కేసవుతుంది. వీసా మీద ఉన్నవాళ్లం, మనకెందుకా తలనొప్పి? పేరు కలిసినంత మాత్రాన మనిషి అతనే కాకపోవచ్చు కూడా.

సరే, ఇంత తిట్టాక ఒక మాట. జాబితాలో ఉన్నవాళ్లు పోలీసుల లెక్కలో ఉన్నవాళ్లే, మీ గుమ్మం ముందు కాపు కాయరు. ఇల్లు బాగుండి, అద్దె కుదిరితే తీసుకోండి. పిల్లలకు మాత్రం ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో ఈ వారమే చెప్పండి, ముట్టుకున్నది బాబాయైనా సరే, వెంటనే మీతో చెప్పాలని కూడా.