పిల్లాడు ప్రతి బాల్‌కీ బ్యాట్ ఊపేస్తున్నాడా, లేక అసలు ఊపట్లేదా? సమస్య - పరిష్కారం

అమెరికాలో మనవాళ్ళ పిల్లలు చాలామంది ఇప్పుడు లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడుతున్నారు, మనమేమో క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం, అందుకే పిల్లాడు బ్యాట్ పట్టుకుని కదలకుండా నించుంటే మనకి ప్రాణం ఆగదు, ఫెన్స్ బయట నుంచి "కొట్టరా కొట్టు" అని అరిచేస్తాం. కానీ ద్రవిడ్ ఆఫ్ స్టంప్ బయట బాల్ వదిలేస్తే చప్పట్లు కొట్టింది కూడా మనమే కదా. బేస్‌బాల్‌లో అలా వదిలేసినందుకు లాభం ఇంకా ఎక్కువ, స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు నేల మీదుండే ప్లేట్‌కి పైన, చంకలకీ మోకాళ్ళకీ మధ్య చోటు) బయట వేసినదాన్ని ఊపకుండా వదిలేస్తే దాన్నే 'బాల్' అంటారు, జోన్‌లో పడినా, ఊపి మిస్సయినా 'స్ట్రైక్'. అలాంటి నాలుగు బాల్స్ పడితే వాక్, అంటే ఫస్ట్ బేస్ ఫ్రీ. బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు అది సింగిల్ (బాల్ కొట్టి ఫస్ట్ బేస్ చేరడం) కొట్టినదానితో సమానం.

అమెరికా మేజర్ లీగ్ (పెద్దవాళ్ళ ప్రొఫెషనల్ బేస్‌బాల్) బ్యాటర్ హువాన్ సోటోనే చూడండి. 2018లో 19 ఏళ్ళ వయసులో వాషింగ్టన్ నేషనల్స్ టీమ్‌లోకి వచ్చి 116 మ్యాచ్‌ల్లో 79 వాక్స్ తీసుకున్నాడు, ఆ సీజన్‌లోనే 22 హోమ్ రన్స్ కూడా కొట్టాడు. 2021లో అయితే 145 వాక్స్, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి అవుటవడం) 93 మాత్రమే. ఊరికే నించుంటే వచ్చినవి కావు ఇవి, తనకి కావాల్సిన చోట బాల్ పడితే వదలడని పిచర్లకి (బాల్ వేసేవాళ్ళకి) తెలుసు కాబట్టి భయపడి జోన్ బయట వేస్తారు, అతను దానికి ఆశపడడు. అందుకే పిల్లలకి మనం నేర్పాల్సింది "ఊపకు" అని కాదు, ఏ బాల్‌కి ఊపాలో త్వరగా కనిపెట్టడం.

సమస్య 1: నేల మీద పడే బాల్‌కీ, తల మీదుగా పోయే బాల్‌కీ కూడా ఊపేస్తున్నాడు

వీడికి ఓపిక లేదు అని కోచ్‌లు, నాన్నలు తేల్చేస్తారు, చాలాసార్లు సంగతి అది కాదు. పన్నెండేళ్ళ లోపు పిల్లల మేజర్స్ డివిజన్‌లో పిచర్ ఉండేది 46 అడుగుల దూరంలో, గంటకి 50 మైళ్ళ స్పీడ్‌తో వేస్తే బాల్ అర సెకను పైచిలుకులో వచ్చేస్తుంది. బ్యాట్ బరువైతే స్వింగ్ నెమ్మదిగా వస్తుంది, లేటవుతుందేమోనని పిల్లాడు ముందే మొదలుపెట్టేస్తాడు, అంటే బాల్‌ని చూడకముందే నిర్ణయం అయిపోయింది. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనే అలవాటు మనకుంది, బట్టల విషయంలో సరే గానీ బ్యాట్ విషయంలో వద్దండి. ఒక చేత్తో బ్యాట్‌ని పక్కకి చాచి పట్టుకోమనండి, అర నిమిషం కూడా ఆగకుండా చెయ్యి వాలిపోతుంటే ఆ బ్యాట్ వాడికి బరువు. డ్రాప్ టెన్ అని రాసుంటే పొడవు అంగుళాల్లోంచి పది తీసేస్తే బరువు ఔన్సుల్లో వస్తుంది, 29 అంగుళాల బ్యాట్ 19 ఔన్సులన్నమాట, అవసరమైతే ఇంకా తేలికది తీసుకోండి.

ఇంకో కారణం తల. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పక్క నుంచి తీసి, బాల్ ప్లేట్ దాటే క్షణంలో ఆపి చూడండి, హెల్మెట్ ముందంచు బాల్ వైపు ఉందా, లేక ఫీల్డ్ వైపు తిరిగిపోయిందా? తిరిగిపోయిందంటే పిచర్ వైపున్న భుజం తొందరగా పక్కకి తిరిగిపోతోంది, దాంతోపాటే తలా పోతోంది, ఆఖరి పదడుగులు వాడికి బాల్ కనిపించట్లేదు. అడుగు పొడుగ్గా వేసేవాళ్ళకి ఇది ఎక్కువ, అడుగు చిన్నది చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కళ్ళకి ప్రాక్టీస్ ఇలా చేయించండి. టీమ్‌లో పిచర్ వార్మప్ చేస్తున్నప్పుడు హెల్మెట్ పెట్టుకుని బ్యాటర్ నించునే బాక్స్‌లో నించోమనండి, స్వింగ్ వద్దు, బాల్ సగం దూరం రాకముందే "ఎస్" అనో "నో" అనో గట్టిగా చెప్పాలి, తర్వాత క్యాచర్ (మన వికెట్ కీపర్ లాగా బ్యాటర్ వెనక బాల్ పట్టేవాడు) చెప్తాడు కరెక్టో కాదో. మొదట్లో బాల్ మిట్‌లో (క్యాచర్ గ్లవ్‌లో) పడ్డాక మనవాడు చెప్తాడు, పర్లేదు, మెల్లగా ముందుకొస్తుంది. సోటో కూడా వదిలేసిన బాల్‌ని మిట్ దాకా కళ్ళతో వెంటాడతాడు, మ్యాచ్ వీడియో ఒకటి పెట్టి కేవలం అతని తల మాత్రమే చూడమని చెప్పండి పిల్లాడికి. ఇంట్లో అయితే టెన్నిస్ బాల్స్ మీద స్కెచ్ పెన్‌తో కొన్నిటికి ఎర్ర చుక్క, కొన్నిటికి నీలం చుక్క పెట్టి విసరండి, ఎర్రదానికే ఊపాలి.

ఒక్క మాట, "చూసి అప్పుడు కొట్టు" అని మాత్రం చెప్పకండి. అలా చెప్తే ఆలస్యంగా మొదలుపెడతాడు. ప్రతి బాల్‌కీ మనసులో కొడతా, కొడతా అనుకుంటూనే ఉండాలి, బాగోకపోతే ఆఖర్లో వద్దు అని ఆపుకోవాలి.

సమస్య 2: బోలెడు వాక్స్ వస్తున్నాయి కానీ బ్యాట్ కదలట్లేదు

దీన్ని అందరూ సుగుణం అనుకుంటారు, నాకైతే మొదటిదానికంటే ఇదే ఎక్కువ కంగారు పెట్టే విషయం. తొమ్మిదేళ్ళ పిల్లల్లో పిచర్లకే స్ట్రైక్ వేయడం రాదు, కాబట్టి ఎవరు నించున్నా వాక్ వస్తుంది, పేరెంట్స్ "మావాడికి కన్ను బావుంది" అనుకుంటారు. పదకొండు, పన్నెండేళ్ళకి పిచర్లు మధ్యలో వేయడం నేర్చుకుంటారు, అప్పుడు వీడు మూడు స్ట్రైకులూ చూస్తూ అవుటైపోతాడు.

ఎక్కువగా కారణం భయం, ఎప్పుడో బాల్ తగిలుంటుంది, లేదా స్వింగ్ చేసి మిస్సయితే ఇంట్లో క్లాస్ పీకుంటారు. తగులుతుందన్న భయానికి మెత్తటి బాల్‌తో ప్రాక్టీస్ చేయించండి, మీదకొస్తే ఛాతీ చూపించకుండా గడ్డం లోపలికి పెట్టి క్యాచర్ వైపు తిరిగిపోయి వీపు ఇవ్వాలి, ఇది వందసార్లు చేస్తే గానీ ఒంటికి పట్టదు. రెండోదానికి మందు మన దగ్గరే ఉంది.

తర్వాత ఒక చోటు ఎంచుకోమనండి. పాతతరం గొప్ప బ్యాటర్ టెడ్ విలియమ్స్ స్ట్రైక్ జోన్‌ని 77 బాల్స్ పట్టే చోటుగా విడగొట్టి, నడిమధ్య పడితే .400 (అంటే పదిసార్లకి నాలుగు హిట్లు) సగటుతో కొడతాను, బయట కింది మూల పడితే .230 అని లెక్కేశాడు. అంత పెద్ద ఆటగాడే కింది మూలకి ఆశపడనప్పుడు మొదటి బాల్‌కే మనవాడు ఎందుకు పడాలి? స్ట్రైక్స్ పడనప్పుడు నడుం ఎత్తులో మధ్యలో వచ్చేది ఒక్కటే కావాలి, అది వస్తే మాత్రం వదలకూడదు. మ్యాచ్ తర్వాత వాక్స్ లెక్కపెట్టకండి, మధ్యలో పడినవి ఎన్ని వదిలేశాడో చూడండి.

సమస్య 3: రెండు స్ట్రైకులు పడగానే ఏది వేసినా ఊపేస్తాడు

మేజర్ లీగ్ వాళ్ళకి కూడా రెండు స్ట్రైకుల తర్వాత సగటు .200 లోపే ఉంటుంది, కాబట్టి పిల్లాణ్ణి తిట్టి లాభం లేదు. చేతులు బ్యాట్ పిడి మీద ఒక అంగుళం పైకి జరిపి పట్టుకోవాలి, కాళ్ళు వెడల్పు చేయాలి, అడుగు దాదాపు వేయకూడదు. సోటో కూడా ఇలాగే కాళ్ళు వెడల్పు చేసి కిందకి వంగుతాడు.

సమస్య 4: అంపైర్ బయటి బాల్‌కి స్ట్రైక్ ఇచ్చాడని ఏడుపు

ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు, బాల్ అంచు కాస్త తగిలినా స్ట్రైకే, ఎత్తు లిటిల్ లీగ్‌లో చంకల నుంచి మోకాళ్ళ పైభాగం దాకా. ఇంట్లో ప్లేట్ మీద తాడు కట్టి చూపిస్తే, పిల్లలు అనుకున్నదానికన్నా జోన్ పెద్దదని వాళ్ళకే తెలుస్తుంది. అంపైర్లు చాలాచోట్ల వాలంటీర్లే, డగౌట్‌లో (టీమ్ కూర్చునే చోట) కూర్చున్నప్పుడే ఈయన ఎక్కడెక్కడ ఇస్తున్నాడో గమనించమనండి, మనం మాత్రం ఫెన్స్ దగ్గర అరవొద్దు.

ఇవన్నీ చేసినా మారకపోతే

కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. స్కూల్లో బోర్డు కనిపిస్తోంది కదా అని వదిలేయొద్దు, దూరం అంచనా వేసే పరీక్ష కూడా చేయమని ప్రత్యేకంగా అడగండి, సీజన్ మొదలవ్వకముందే అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే అద్దాలు అవసరమైనా వాటితో ఆడటం అలవాటయ్యే టైమ్ ఉంటుంది.