మోకాలి పాఠాలు – 3: చివర్లో పడే తాళం

పోయినసారి చెప్పిన తొడ బిగింపు, అంటే కాలు చాచి తొడ కండరాన్ని బిగించి వదిలే సాధన, వారం రోజులు చేశారనుకునే ఇది మొదలుపెడుతున్నా, చెయ్యకపోతే ముందు అది చేసి రండి, తొందరేం లేదు.

మోకాలు తలుపు బందులా మడతపడటమే కాదు, కొంచెం తిరుగుతుంది కూడా. కుర్చీలో కూర్చుని, మోకాలు 90 డిగ్రీలు మడిచి, మడమ నేలకి ఆనించి పాదం లోపలికీ బయటికీ తిప్పండి. మోకాలి కింది ఎముక తిరగడం చేతికి తెలుస్తుంది. కాలు నిటారుగా చాచి అదే చెయ్యండి, ఈసారి తిరిగేది తుంటి.

ఇప్పుడు స్టిక్కర్ బొట్లు రెండు తీసుకోండి. ఒకటి మోకాలి చిప్ప నడిమధ్య, ఇంకోటి దాని కింద గట్టిగా తగిలే బొడిపె మీద. కాలు మెల్లగా చాపుతుంటే చివరి 20, 30 డిగ్రీల్లో కింది బొట్టు కాస్త బయటికి జరుగుతుంది. తొడ ఎముక కింది కొసలో లోపలి గుండ్రం బయటిదానికన్నా పొడవు, కారణాల్లో అదొకటి. అలా తిరిగి బిగుసుకోవడమే తాళం పడటం, దానివల్లే నిలబడ్డప్పుడు తొడ కండరాలకి అంత శ్రమ ఉండదు. మళ్లీ మడిచేటప్పుడు తాళం తీసేది మోకాలి వెనకున్న చిన్న కండరం, పాప్లిటియస్. వాపు వల్ల కాలు పూర్తిగా చాపలేనివాళ్లకి ఈ తాళం పడదు, అందుకే నిలబడితేనే తొడలు అలసిపోతాయి.

నడకలో అడుగు పడగానే మోకాలు ఓ 15, 20 డిగ్రీలు వంగుతుంది, కింది ఎముకా తొడ ఎముకా రెండూ లోపలికి తిరుగుతాయి. ఆ తిరుగుడుని హద్దులో పెట్టే పనిలో పెద్ద వాటా పిరుదు పక్క కండరానిది, గ్లూటియస్ మీడియస్ అంటారు. అది బలహీనపడితే మోకాలు లోపలికి పడుతుంది. కిందటేడు శివరాత్రికి ఒడిశాలోని మహేంద్రగిరి కొండ దిగుతూ మా మేనత్త ప్రతి రాయి మీదా అలాగే దిగింది, పర్లాకిమిడి చేరేసరికి మోకాలి లోపలి పక్క పట్టుకుని కూర్చుంది. నొప్పి మోకాల్లో ఉన్నా సాధన తుంటికే కావాలని నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఇటుకంత ఎత్తు మెట్టు మీద ఒంటికాలితో నిలబడండి, చెయ్యి గోడకి. రెండో మడమ నేలకి తాకేదాకా మెల్లగా దిగండి, దించిన దానికి బరువివ్వకుండా మళ్లీ పైకి. చిప్ప కాలి రెండో వేలి వైపే చూడాలి, అద్దం పెట్టుకోండి. లోపలికి జారిందంటే మెట్టు ఎత్తు తగ్గించండి, లెక్క పెంచకండి. కాలికి 8 సార్లు, రోజు విడిచి రోజు. మోకాలు వాచినా, ఎక్కడో చిక్కుకుని కదలకపోయినా ఆపేసి డాక్టరుకి చూపించండి.

మేనత్త ఇప్పుడు పొద్దున్నే అరుగు మెట్టు మీద ఇదే చేస్తోంది, ఎకొ, దుయి, తిని అని ఒడియాలో లెక్కపెట్టుకుంటూ, ఆరోసారికి మోకాలు లోపలికి రాబోతుంటే తనే ఆగిపోయి మళ్లీ సర్దుకుంటుంది.